నూట ఇరవయ్యో సంతకం

"కాస్త పక్కకు జరుగుతారా" అని మర్యాదగా రెండుసార్లు అడిగాను. మూడోసారికి మర్యాద అయిపోయింది.

"అడ్డు లేవండి మేడమ్. నాకు మీ హెల్మెట్ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు."

హెల్మెట్ కదిలింది. దాని కిందున్న అమ్మాయి వెనక్కి తిరిగి నన్నూ, నా ముందు స్టాండు మీదున్న, ఎత్తుల తేడా కొలిచే లెవెల్ మిషన్‌నూ మార్చి మార్చి చూసింది, ఇద్దరిలో ఎవరు అరిచారో తేల్చుకోవాలన్నట్టు.

"నేను నిలబడ్డ చోటు తప్పా, మీరు మిషన్ పెట్టిన చోటు తప్పా?"

"నేను పొద్దున్న ఏడింటికే పెట్టాను. మీరు ఇప్పుడొచ్చారు."

"ఓహో. ముందొచ్చినవాళ్ళదే రైటన్నమాట" అంటూ జేబులోంచి ఒక ఆకుపచ్చ పుస్తకం తీసి ఏదో రాసుకుంది.

నా ఒళ్ళు మండింది. మండటం సంగతి అలా ఉంచితే, అనుమానం కూడా వచ్చింది. నా మాటల్లో రాసుకోవాల్సినంత విషయం ఏముంది?

నాది పుట్టుకతో వచ్చిన అనుమానం అంటుంది మా అమ్మ. నేనొప్పుకోను. నాది నాలుగేళ్ళుగా వచ్చిన అనుమానం. స్కూలు చదువు అవగానే అందరూ కాలేజీలకు వెళ్ళారు. నేను సర్వే ఆఫీసులో అప్రెంటిస్‌గా చేరాను. వారంలో నాలుగు రోజులు మా ఆఫీసు పెద్దాయన కింద పని, ఒకరోజు క్లాసు. నాలుగేళ్ళలో నూట ఇరవై పనులు చేసి, ఒక్కోదానికీ లాగ్‌బుక్కులో సంతకం పెట్టించుకుని బోర్డు ముందు కూర్చోవాలి. వాళ్ళు సరేనంటే సర్వేయర్ లైసెన్సు ఇస్తారు. డిగ్రీ చదివి వచ్చినవాళ్ళకిచ్చేదీ అదే లైసెన్సు, అదే స్టాంపు.

ఈ ముక్క మా చుట్టాలకు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. "ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడా? నాలుగేళ్ళయినా రాని పనేమిటమ్మా అది?" అని మా పిన్ని ఇప్పటికీ అడుగుతుంది. ఆ మాట విన్నాక మా అమ్మ కూడా ఒకరోజు, "ఒరేయ్, నిజంగా ఆఫీసుకే వెళ్తున్నావా?" అని నెమ్మదిగా అడిగింది.

ఇక ఆ అమ్మాయి రావడానికి మూడు రోజుల ముందు మా వ్యాన్ డ్రైవర్ ఒక వార్త మోసుకొచ్చాడు. ఆయన్ని అందరూ రేడియో అంటారు. ఆపే బటన్ లేదు కనుక.

"తమ్ముడూ, పై ఆఫీసు నుంచి ఒకరిని పంపిస్తున్నారట. డిగ్రీలో గోల్డ్ మెడలట. ఈ అప్రెంటిస్‌లు అసలు పనికొస్తారా లేదా అని చూసి రాసి పంపుతారట. ఆ తర్వాత మీ స్కీము ఉంటుందో ఊడుతుందో."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్తేనే కదా నాకు తెలిసింది."

రేడియో మాటల్లో సగం గాలి అని తెలుసు. ఏ సగమో తెలియదు, అదే బాధ. నాకు నూట పంతొమ్మిది సంతకాలయ్యాయి. ఇంకొక్కటి కావాలి. బోర్డు కూర్చునేది నెలాఖరు గురువారం. అది తప్పితే మళ్ళీ ఏడాది దాకా కూర్చోదు.

అందుకని గోల్డ్ మెడల్ మీద ఒక కన్నేసి ఉంచాను. రెండు కళ్ళూ వేశానని రేడియో అంటాడు.

ఆమె నన్ను ప్రశ్నలతో చంపింది. "ఈ స్టాండు కాళ్ళు అలా తొక్కుతారెందుకు? ముందు రెండే నాటి, మూడోది తర్వాత ఎందుకు? గాజు తుడిచేముందు ఊదుతారెందుకు?" నాకు తెలుసులే, పరీక్ష పెడుతోంది అనుకుని, నేను పుస్తకంలో చదివినట్టు జవాబులు చెప్పేవాణ్ణి. ఆమె వెంటనే ఆకుపచ్చ పుస్తకం తీసేది.

"ఏం రాస్తున్నారండీ?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ రాయరు."

"ఊరికే ఎవరూ అడగరు కూడా, అప్రెంటిస్ గారూ."

అప్రెంటిస్ గారట. ఆ 'గారు' దగ్గరే నాకు మండేది. వెటకారం కాకపోతే ఏమిటది?

ఒకరోజు కొలుస్తుండగా హఠాత్తుగా వాన అందుకుంది. ఉన్నది ఒక్క గొడుగు. ఆమె పరుగెత్తుకొచ్చి దాన్ని లెవెల్ మిషన్ మీద పట్టింది. ఇద్దరం చెరోవైపు నిలబడి తడిశాం. మధ్యలో మిషన్ మాత్రం పెళ్ళికూతురిలా పొడిగా ఉంది.

"నా మీద కూడా కాస్త పట్టొచ్చుగా" అన్నాను.

"మీరు తడిస్తే ఆరతారు. ఇది తడిస్తే పెద్దాయన మనిద్దర్నీ ఆరేస్తారు."

నాకు నవ్వొచ్చింది. ఆమె జుట్టులోంచి నీళ్ళు కారి ముక్కు చివర ఆగుతున్నాయి. చేతులు ఖాళీ లేక వాటిని ఊదేసుకుంటోంది. నేను అవసరమైనదానికన్నా ఎక్కువసేపే చూశాను. వెంటనే నా మీద నాకే అనుమానమొచ్చింది. వల్లో పడేసి కబుర్లు లాగే రకమేమో ఈమె అని కూడా అనిపించింది.

ఇంటికెళ్ళి అమ్మతో అంతా చెప్పుకున్నాను. ఎంత పొగరో, ఎన్ని ప్రశ్నలో, ఆ పుస్తకమేమిటో.

"వచ్చినప్పటి నుంచి ఆ అమ్మాయి మాట ఆరోసారి ఎత్తావు" అంది అమ్మ. "తిట్టడానికేనా?"

"మరింకెందుకు?"

అమ్మ కంచం తెచ్చి నా ముందు పెట్టింది. కానీ నావైపు చూసిన చూపు మాత్రం నాకు నచ్చలేదు.

నా నూట ఇరవయ్యో పని ఆసుపత్రి దగ్గర పడింది. పాత భవనం పక్కనే కొత్తది కడుతున్నారు. కొత్త నేల పాత నేలతో సమంగా కలవాలి. రోగిని తోసుకెళ్ళే బండి చక్రం ఆ అతుకు దగ్గర ఎగరకూడదు. గేటు పక్కన ఎత్తు ముందే తెలిసిన రాయి ఒకటుంది. అక్కడ మొదలుపెట్టి, ఐదు చోట్ల మిషన్ మార్చుకుంటూ వెళ్ళి, కొత్త భవనం మొదటి స్తంభం మీద గీత గీయాలి. తేడా రెండు మిల్లీమీటర్లు దాటకూడదు.

మా ఆఫీసులో కొలిచినవాడు తన పనిని తానే సరిచూసుకోకూడదు. వేరొకరు మొదటి అంకెలు చూడకుండా మొత్తం మళ్ళీ కొలవాలి. రెండు పుస్తకాలూ పెద్దాయన బల్ల మీద తెరుస్తారు. కలిస్తే, సరిచూసిన మనిషి లాగ్‌బుక్కులో ఉన్న ఈ మాటల కింద సంతకం పెట్టాలి: 'ఈ పనిని విడిగా కొలిచి సరిచూశాను. పని చేసిన వ్యక్తికి నేను బంధువును కాను, కాబోవడం లేదు.'

ఆ చివరి మాట చూసి కొత్తవాళ్ళు నవ్వుతారు. పెద్దాయన నవ్వడు. ఎప్పుడో ఒకాయన కాబోయే అల్లుడి పనికి కళ్ళు మూసుకుని సంతకం పెట్టాడట, గోడ వంకరగా లేచిందట. అప్పటి నుంచి ఆ మాట చేరింది.

సీనియర్లు ఇద్దరూ వేరే సైటులో ఉండటంతో నా పని సరిచూడటానికి పెద్దాయన గోల్డ్ మెడల్‌ను వేశాడు.

శుక్రవారం నేను కొలిచాను. మిషన్‌లోంచి చూసి అంకెలు చదవడానికి మా దగ్గర పొడవాటి కొలకర్రలు రెండున్నాయి, ఒకటి ఎర్ర టేపుది, ఒకటి నీలం టేపుది. ఒకటి రేడియో, ఒకటి సైటు వాచ్‌మన్ పట్టుకున్నారు. స్తంభం దాకా వెళ్ళి, మళ్ళీ కొలుచుకుంటూ రాయి దగ్గరికి వచ్చేసరికి తేడా సున్నా. అచ్చంగా సున్నా. నాలుగేళ్ళలో నాకు సున్నా రావడం అదే మొదటిసారి. మిషన్‌కు దణ్ణం పెట్టుకున్నాను.

శనివారం ఆమె కొలిచింది. వాచ్‌మన్‌కు సెలవు, అందుకని రేడియో ఒక్కడే నీలం కర్ర పట్టుకుని అటూ ఇటూ నడిచాడు. సోమవారం పెద్దాయన రెండు పుస్తకాలూ తెరిచి, కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

"నాలుగు మిల్లీమీటర్లు తేడా" అన్నాడు. "ఇద్దరూ కూర్చుని ఎవరిది తప్పో తేల్చండి. తేలేదాకా సంతకం లేదు."

ప్లాన్లు పరిచే గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె నా పుస్తకం పేజీలు తిప్పి తిప్పి చూసింది. ఒక్క కొట్టివేత కూడా లేదు. అది చూసి ఇంకోసారి తిప్పింది.

"మీ సున్నా నాకు నచ్చలేదు" అంది.

"నచ్చడానికి అదేమన్నా చీరా?"

"ఐదు చోట్ల మిషన్ మార్చి, తిరిగొచ్చి, ఒక్క మిల్లీమీటరు కూడా తేడా రాలేదా?"

"అంటే నేను అంకెలు వండానంటారా?"

"అనలేదు. అడుగుతున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగేళ్ళలో నన్ను చేతకానివాడన్నారు, చదువు అబ్బనివాడన్నారు. దొంగ అని మాత్రం ఎవరూ అనలేదు.

"మీరెందుకొచ్చారో నాకు తెలుసండీ" అన్నాను. నా గొంతు నాకే బాగోలేదు. "మా స్కీము ఊడగొట్టడానికి కారణాలు వెతుకుతున్నారు. వచ్చిన రోజు నుంచీ నా మీద రాస్తూనే ఉన్నారు. ముందు ఆ పుస్తకం చూపించండి, తర్వాత నా సున్నా సంగతి చూద్దాం."

"పుస్తకమా? అది చూపించను."

"చూపించరు. నాకు తెలుసు."

ఆమె మొహం ఎర్రబడింది. పుస్తకం తీసి టప్పున నా ముందు పడేసి కిటికీవైపు తిరిగిపోయింది.

తెరిచాను. మొదటి పేజీలో స్టాండు బొమ్మ, మూడు కాళ్ళకూ నంబర్లు. 'ముందు రెండు నాటాలి. మూడోదానితో సరిచేయాలి. నేను మూడూ ఒకేసారి నాటి పడేశాను, అదృష్టం, ఎవరూ చూడలేదు.' తర్వాతి పేజీ: 'ఎండలో గాలి వణుకుతుంది, నేలకు దగ్గరగా చదవకూడదు. ఇది కాలేజీలో ఎవరూ చెప్పలేదు. అతను ఊరికే చెప్పేశాడు.' ఇంకో పేజీ: 'తెలియనిది అడిగితే అతను నేలవైపు చూస్తాడు. తెలిస్తే పైకి చూసి చెప్తాడు. ఇవాళ అంతా పైకే చూశాడు.'

చదివిందే ఇంకోసారి చదివాను.

"కాలేజీలో ఒక్క మిషన్‌కు పన్నెండు మందిమి" అంది కిటికీతోనే మాట్లాడుతూ. "నాలుగేళ్ళలో నేను దాన్ని రెండుసార్లు ముట్టుకున్నాను. లెక్కలన్నీ వచ్చు, మెడల్ ఇచ్చారు. ఇక్కడికొస్తే స్టాండు నిలబెట్టడం రాదు. నాకూ లాగ్‌బుక్కు ఉంది, రెండేళ్ళు పని చేస్తేనే లైసెన్సు. మీరు నన్ను పసిగట్టేశారని, వెళ్ళి పెద్దాయనకు చెప్పేస్తారని రోజూ భయమే. మీరు నావైపు చూసే చూపు అలాగే ఉండేది మరి."

"మరి పై ఆఫీసు? రాసి పంపడం?"

"ఏ పై ఆఫీసు?"

రేడియోను మనసులోనే నాలుగు ఉతికాను.

ఇంకొన్ని పేజీలు తిప్పాను. ఒకచోట చెయ్యి ఆగింది. 'రాయి మీద ఎప్పుడూ ఎర్రకర్రే పెడతారు. ఎందుకు?' ఎందుకు కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

"ఇది నన్ను అడగలేదే."

"అడిగాను. అలవాటండీ అన్నారు. నేలవైపు చూస్తూ."

నిజమే. రాయి మీద ఎర్రదే. పెద్దాయన అలాగే చెయ్యమంటాడు, మేమూ అలాగే చేస్తాం. మధ్యలో రెండూ మారుతూ వెళ్తాయి, ఐదో మజిలీలో స్తంభం దగ్గరికి నీలం వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు నీలంతో మొదలై ఎర్రదానితో రాయి మీద ముగుస్తుంది. ఆమె కొలిచింది ఒక్క నీలంతో.

ఇద్దరం ఒకేసారి లేచాం.

రెండు కర్రలూ తెచ్చి గోడకు ఆనించి పక్కపక్కన నిలబెట్టాం. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అంకెలు చూసింది, నేను భుజం మీదుగా వంగాను. నీలం కర్ర మీది గీతలకన్నా ఎర్రకర్ర మీది గీతలు కాస్త పైకున్నాయి. అడుగున మెరుస్తున్న కొత్త ఇనుప తొడుగు. సరిగ్గా నాలుగు మిల్లీమీటర్ల మందం ఎక్కువ.

రేడియోను పిలిచి అడిగాం. ఆయన మురిసిపోయాడు. "పాతది ఊడిపోతేనూ, మొన్న బుధవారం నేనే దగ్గరుండి గట్టిది వేయించాను. మీరెవరూ చూడలేదనుకున్నాను. బాగుంది కదూ?"

రాయి మీద ఎర్రది, స్తంభం మీద నీలం పడటంతో వెళ్ళేటప్పుడు నా కొలత నాలుగు తగ్గింది, వచ్చేటప్పుడు అదే నాలుగు పెరిగింది. రెండూ కలిసి నాకు సున్నా చూపించాయి. నేను అంకెలు వండలేదు. కానీ నా గీత తప్పు.

"మీరు దొంగ కాదు" అంది ఆమె మెల్లిగా. "సారీ."

"మీరు గూఢచారి కాదు" అన్నాను. "నాదీ సారీయే."

పెద్దాయనకు అంతా చెప్పాం. ఆయన ఎర్రకర్రను చాలాసేపు చేత్తో తడిమాడు. "ఎర్రదే ఎందుకని ముప్పై ఏళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. నేనూ మా గురువుగారిని అడగలేదు" అన్నాడు. పాత తొడుగు మందానికే కొత్తది చేయించాడు. రెండు కర్రలూ పక్కపక్కన పెట్టి చూశాకే, మంగళవారం నన్ను మళ్ళీ కొలవమన్నాడు. ఈసారి తిరిగొచ్చేసరికి ఒక మిల్లీమీటరు తేడా వచ్చింది. ఆ ఒక్కటీ చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. స్తంభం మీది ఎత్తు ఆమె కొలతతో కలిసింది.

బుధవారం పొద్దున్న పెద్దాయన లాగ్‌బుక్కు ఆమె ముందు పెట్టి పెన్ను ఇచ్చాడు.

ఆమె చదివింది. పెన్ను మూత తీసింది. మళ్ళీ చదివింది. మూత పెట్టేసింది.

"నేను సంతకం పెట్టలేను సార్."

నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"కొలత కలిసిందిగా అమ్మా?"

"కలిసింది. కొలతకు సంతకం పెడతాను. దీని కింద పెట్టలేను." పుస్తకాన్ని ఆయనవైపు తోసి, నావైపు కన్నెత్తి కూడా చూడకుండా వెళ్ళిపోయింది.

అయిపోయింది అనుకున్నాను. సారీ అంతా నాటకం. రేడియో చెప్పిందే నిజం. ఏ సగం గాలో ఇప్పుడు తెలిసింది.

"నాలుగేళ్ళండీ" అన్నాను పెద్దాయనతో.

ఆయన ఆ పేజీ చూశాడు, తలుపువైపు చూశాడు, నన్ను చూశాడు. ఆపైన లేచి గోడకున్న హెల్మెట్ తీసుకున్నాడు.

"పద. నేను కొలుస్తాను. ఏడేళ్ళయింది మిషన్ ముట్టుకుని."

అరవై ఏళ్ళ మనిషి సన్నటి వానలో ఐదు చోట్లా మిషన్ పెట్టి కొలిచాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె వచ్చి మిషన్ మీద గొడుగు పట్టింది. నేను పళ్ళు నూరుతూ దూరంగా నిలబడ్డాను. కొలత కలిసింది. వ్యాన్ బానెట్ మీదే పుస్తకం పెట్టి ఆయన సంతకం చేశాడు.

"ఒరేయ్, ఇలా రా. ఇది పూర్తిగా చదివావా ఎప్పుడైనా?"

"నూట పంతొమ్మిదిసార్లు చదివానండీ."

"నేనూ చదివే పెట్టాను. నీకు నేను బంధువును కాను, కాబోవడం లేదు. నాకేం ఇబ్బంది లేదు." కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆ అమ్మాయికి ఉందట. ఎందుకో కనుక్కో."

నేను వానలో అలాగే నిలబడిపోయాను. ఆ మాట నాకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో రేడియో ఇప్పటికీ అందరికీ చెప్తుంటాడు. ఒక్కోసారి ఐదు నిమిషాలంటాడు, ఒక్కోసారి అరగంటంటాడు.

గురువారం బోర్డు వాళ్ళు నలుగురు నన్ను గంటసేపు అడిగారు. నూట ఇరవయ్యో పని గురించే ఎక్కువ అడిగారు. తప్పు ఎలా బయటపడిందని అడిగితే, 'ఎర్రదే ఎందుకని ఒకరు అడగబట్టి' అన్నాను. బయటికొచ్చేసరికి నా చేతిలో లైసెన్సు నంబరు రాసిన కాగితం ఉంది. అమ్మకు ఫోన్ చేశాను. ఆమె కాసేపు ముక్కు చీదుకుని, "మీ పిన్నికి నేను చెప్తాను, నువ్వు చెప్పకు" అంది. తర్వాత, "ఇంక ఆ అమ్మాయిని తిట్టే పని లేదుగా?" అంది. ఫోన్ పెట్టేశాను.

మెట్ల కింద వానలో గొడుగు పట్టుకుని ఆమె నిలబడి ఉంది.

"వచ్చిందా?"

కాగితం చూపించాను. ఆమె దాన్ని గొడుగు కిందికి లాక్కుని మొత్తం చదివింది. నేను బయటే తడుస్తున్నాను.

"ఇప్పుడు కూడా నాకు గొడుగు లేదా?"

"మీరు ఆరతారు. కాగితం ఆరదు."

"ఒకటి అడగాలి" అన్నాను. "నిన్న సంతకం ఎందుకు పెట్టలేదు?"

"పెద్దాయన చెప్పలేదా?"

"కనుక్కోమన్నారు."

"నాకు అబద్ధం రాయడం ఇష్టం లేదు" అంది. "బంధువును కాననే మాట నిజమే. తర్వాతి మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. మీ సంగతి నాకు తెలియదు కదా. అందుకే పెట్టలేనన్నాను." గొంతు తగ్గింది. "ఇప్పుడు చెప్పండి. ఆ మాట కింద మీరైతే సంతకం పెడతారా?"

నాలుగేళ్ళ అనుమానం ఒక్కసారిగా చేతులు కట్టుకుని నిలబడింది. ఏం చూసి నన్ను ఇష్టపడింది? నిజంగానే అంటోందా? వాళ్ళ నాన్న ఏం చదివావని అడిగితే ఏం చెప్పాలి? అలవాటు ప్రకారం నా తల కిందికి వంగింది. నా బురద బూట్లూ, ఆమె బురద బూట్లూ కనిపించాయి. ఆమె వచ్చిన రోజు ఆ బూట్లు తళతళలాడాయి.

"నేలవైపు చూస్తున్నారు" అంది. "తెలియదన్నమాట."

నేను తలెత్తి పైకి చూశాను. వాన నేరుగా కళ్ళల్లో పడింది. అయినా తల దించలేదు.

"పెట్టను" అన్నాను.

గొడుగు నా మీదికి జరిగింది.